అనప చీటీ

ఆయనకూ నాకూ మొదటిరోజు నుంచీ పడలేదు. యూనివర్సిటీ బొటానికల్ గార్డెన్‌లో ఆయన పెద్ద మాలి, నేను విత్తనాల గది చూసే టెక్నికల్ అసిస్టెంటును. ఆయనది నల్గొండ వైపు పల్లె, కాపురం మాణికేశ్వర్ నగర్‌లో. నాది మదనపల్లె పక్క, తార్నాకలో అద్దెకుండేదాన్ని. నేను చేరిన రోజు గది తాళంచెవి నా చేతికివ్వకుండా బల్లమీద పడేసి, "ఇగో, చూస్కోండి" అని వెళ్ళిపోయాడు. ఆ ఒక్క పనికి ఆయన్ని ఏళ్ళ తరబడి క్షమించలేదు నేను. నా స్వభావం అలాంటిది, దాచుకోవడానికేమీ లేదు.

విత్తనాల గది అంటే పెద్దదేదో అనుకునేరు. మూడు బీరువాలు, వరసగా సీసాలు, అట్టపెట్టెల నిండా కాగితం పొట్లాలు. మా దగ్గర ఏయే గింజలున్నాయో ఏటా జాబితా అచ్చేసి వేరే ఊళ్ళ తోటలకు పంపేవాళ్ళం. వాళ్ళు కావలసినవాటికి టిక్కు పెట్టి తిప్పి పంపితే, పొట్లాలు కట్టి పోస్టులో వేసేదాన్ని. వాళ్ళ జాబితాలోంచి మేమూ అడిగి తెప్పించుకునేవాళ్ళం. కొనడాలూ అమ్మడాలూ లేవు, ఇచ్చిపుచ్చుకోవడమే.

ఇందులో నాదొక పట్టు ఉండేది. గింజ ఇచ్చినవాళ్ళు దాని పేరూ ఊరూ రాసి ఒక చీటీ ఇవ్వాలి. గింజ ఎక్కడికి పోతే ఆ చీటీ అక్కడికి పోవాలి. అందరూ చీటీకి నకలు రాసి పంపుతారు, నేను అసలు చీటీనే పంపి నకలు రిజిస్టరులో ఎక్కించేదాన్ని. చీటీ లేకపోతే ఊరూ పేరూ లేని గింజ అని అందరిమీదా అరిచేదాన్ని. ఎవరు రాసిన చీటీనైనా సరే, ఎర్ర పెన్నుతో దిద్దకుండా లోపల పెట్టేదాన్ని కాదు. డిపార్టుమెంటు పిల్లలు నా వెనక నన్ను పరీక్ష పేపరు అనేవాళ్ళట. అననీ.

తెలంగాణ ఉద్యమం ఇంకా ముదరని రోజుల్లో ఒకసారి పెద్ద మాలి ఎండిన సొరకాయ బుర్ర ఒకటి తెచ్చి నా బల్లమీద బోర్లించాడు. లోపల్నుంచి పాతిక దాకా గింజలు రాలాయి. తనే రాసిన చీటీ కూడా ఇచ్చాడు.

"మా అవ్వ పెట్టిన తీగె ఇది. అవ్వ పోయింది. ఊర్ల మా అక్కగాళ్ళు ఇప్పుడు దుకాణం గింజలే పెడ్తున్నరు. ఇది పోతే ఇంకేడ దొర్కది మేడం. గార్డెన్ల ఉంటే పోదని తెచ్చిన" అన్నాడు.

"పోయేనాటికి మీ అవ్వకు ఎంత వయసు?" అని అడిగాను. పెద్ద వయసే అయ్యుంటుందని నా లెక్క. ఆయన నన్ను వింతగా చూశాడు. వాళ్ళకు అవ్వ అంటే అమ్మ, మాకు అవ్వ అంటే నానమ్మ. ఆ సంగతి నాకు తెలిసేసరికి ఆయన గుమ్మం దాటి వెళ్ళిపోయాడు.

ఆ గింజల్లో సగం ఆయనే పందిరి కింద నాటాడు. రెండు మొలిచాయి. మిగిలిన పన్నెండూ కేరళలో ఒక తోటవాళ్ళు అడిగితే చీటీతో సహా పంపేశాను. అది తెలిసిన రోజు మనిషి నిప్పు తొక్కిన కోతిలా అయిపోయాడు.

"నన్ను అడగకుంట ఎట్ల పంపుతరు?"

"గార్డెన్‌కు ఇచ్చినాక అది గార్డెన్‌ది."

"గట్లనా? అన్నీ గట్లనే పోతయి. నీళ్ళు గట్లనే పోయినయి, నౌకరీలు గట్లనే పోయినయి. ఇగ గింజలు ఒక్కటి మిగిలినయి."

"నీళ్ళు నేనేమైనా మూటగట్టుకోని పోయినానా?" అన్నాను. ఆ తర్వాత మూడు వారాలు మాటల్లేవు.

మరుసటి ఏడాదికి క్యాంపస్ మొత్తం మారిపోయింది. గేట్ల దగ్గర పోలీసు వ్యాన్లు, హాస్టళ్ళ ముందు టెంట్లు. బాష్పవాయువు గోళాలు పేలితే ఆ ఘాటు విత్తనాల గది దాకా వచ్చేది. దూరంగా పొగ కనిపిస్తే చాలు, కళ్ళు మండకముందే కిటికీలు మూసుకోవడం మా అందరికీ అలవాటైపోయింది. ఒకరోజు పొద్దున వచ్చేసరికి గది తలుపు మీద సుద్దతో "గో బ్యాక్" అని రాసి ఉంది. ఎక్కడికి బ్యాక్, తార్నాకకా? నడిస్తే పావుగంట. తడిగుడ్డ తెచ్చి నేనే తుడుచుకున్నాను. తుడుస్తూ తిట్టుకున్నాను కూడా.

ఇక అసలు సంగతి జరిగిన రోజు. తార్నాక చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మధ్యలో పొయ్యిలు, డేగిశాలు, డప్పులు, పాటలు. బస్సులు లేవు. డ్యూటీకి నడిచి పోతుంటే ముగ్గురు అడ్డం నిలబడి, "జై తెలంగాణ అనుండ్రి మేడం, పోదురు" అన్నారు.

"అనను. జరగండి."

"ఆంధ్రా మేడమా?"

"ఆంధ్రా కాదు, సీమ."

"ఏదైతేంది, బస్సు అటు దిక్కుకెల్లే వస్తది గద" అని పొయ్యి పక్కనుంచి ఒక గొంతు. చూస్తే మా పెద్ద మాలి, చేతిలో గరిటె. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. నవ్వు ఆగాక ఆయన విస్తరి ఒకటి నా వైపు చాపి, "తిని పోండి మేడం" అన్నాడు. మళ్ళీ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన నిజంగానే తినమన్నాడని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ రోజు అలా వినబడలేదు. విసవిసా నడిచి క్యాంపస్‌లోకి వచ్చేశాను.

పందిళ్ళ దగ్గర ఇద్దరు కూలి ఆడవాళ్ళు కలుపు తీస్తున్నారు. ఒక పందిరి మీద అనప తీగ నిండా పేనుబంక పట్టి కొమ్మలు నల్లగా ఉన్నాయి. పక్క పందిళ్ళకు పాకుతుందని నాలుగు రోజులుగా మొత్తుకుంటున్నాను, పెద్ద మాలి చెవిన వేసుకోలేదు. నా కోపమంతా ఆ తీగ మీదికి మళ్ళింది.

"ఆ అనప పాదంతా పీకి కాల్చేయండి" అన్నాను.

"అనపనా మేడం? కాయలున్నయి గద" అంది పెద్దామె.

"ఉంటే ఉండనీ. పురుగు పట్టినదాన్ని పెట్టుకోని పూజ చేస్తామా?"

"పెద్దాయన వచ్చినంక ఒక్క మాట అడిగి..."

"పెద్దాయన నడిరోడ్డు మీద వంట చేస్తాండాడు. ఇక్కడ చెప్పేది నేను. పీకండి."

మా మదనపల్లె వైపు అనపకాయ అంటే చిక్కుడు జాతి. చలికాలమంతా వాటిని ఒలిచి, గింజలు నానబెట్టి, పొట్టు పితికి పితికిపప్పు చేసుకుంటాం. అనప పేరు వింటే నా నోట్లో ఆ పప్పు రుచే వస్తుంది. ఆ ఇద్దరు ఆడవాళ్ళకు మా అనపలు అనుములు. వాళ్ళ అనపకాయ వేరు. వాళ్ళ అనపకాయ సొరకాయ.

మధ్యాహ్నం కిటికీలోంచి పొగ కనిపించింది. అలవాటుగా లేచి కిటికీ మూసేశాను.

సాయంత్రం బయటికి వచ్చి చూస్తే పేనుబంక పట్టిన తీగ ఎక్కడిదక్కడే ఉంది. పక్కన, నిరుటి కాయలో దక్కిన గింజలన్నీ పెట్టి పెద్ద మాలి పాకించిన వాళ్ళ అవ్వ తీగ పందిరి బోడిగా ఉంది. కింద బూడిద, అందులో సగం కాలిన సొరకాయ ఒకటి, దాని తొడిమకు ఎర్ర గుడ్డపీలిక. విత్తనానికి ముదరనిస్తున్న కాయను కోయకుండా పెద్ద మాలి కట్టిన గుర్తు అది. ఓరి దేవుడో అనుకున్నాను. కర్రతో ఆ కాయను పగలగొట్టి చూశాను. గింజలు లేతవి, ఉడికిపోయి ఉన్నాయి.

మర్నాడు పొద్దున ఆయన నా గదికి వచ్చాడు. అన్నేళ్ళలో మొదటిసారి మీరు నుంచి నువ్వులోకి దిగాడు.

"కాలవెట్టినవ్ గద. మనసు నిమ్మలమైందా?"

"పెద్దాయనా, నేను చెప్పింది చిక్కుడు తీగ. మా వైపు దాన్నే అనప అంటాం. వాళ్ళకు వేరేగా అర్థమైంది."

"ఇన్నేండ్లాయె ఈడికొచ్చి. అనప అంటె ఏందో తెల్వదా నీకు?"

"తెలియదు. నిజంగా తెలియదు. మాటల తేడా, అంతే."

ఆయన నమ్మలేదు. తోటలో ఎవ్వరూ నమ్మలేదు. ఆంధ్రా మేడం కావాలని తెలంగాణ తీగ కాల్పించిందని క్యాంపస్ దాటి మాణికేశ్వర్ నగర్ దాకా పాకింది. గార్డెన్ చూసే ప్రొఫెసర్ పిలిచి అడిగితే ఆయనకూ అదే చెప్పాను. రిజిస్టరు తెరిచి చూపించాను. నా చేతిరాతతో సొర అని స్పష్టంగా ఉంది, అనప అనే మాటే లేదు. చూశారా సార్, నా పుస్తకంలో అది సొర, నాకెలా తెలుస్తుంది అన్నాను. ప్రొఫెసర్ తల ఊపాడు. మాటల తేడా, మాటల తేడా అని ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఇంట్లో అయితే నవ్వుతాలుగా కూడా చెప్పాను.

పెద్ద మాలి నాకు శిక్ష వేశాడు. నన్ను ఎక్కడ పొడవాలో ఆయనకు బాగా తెలుసు. ఆ సీజనులో తోటలో ఏరిన గింజలన్నీ పొట్లాలు కట్టి గది గుమ్మం ముందు కుప్పపోసేవాడు. ఒక్కదానికీ చీటీ లేదు.

"ఏవి ఏవో ఎట్లా తెలుస్తాది?" అని అరిచాను.

"నువ్వే పేర్లు పెట్టుకో. నీకు అలవాటే గద" అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో అప్పుడు నాకు ఎక్కలేదు.

కేరళ తోటకు ఉత్తరం రాశాను. మీకు పంపిన సొర గింజలు ఏమైనా మిగిలి ఉంటే తిప్పి పంపమని. ఆయన అవ్వ తీగ బతకాలన్న ఆశ లేదని అనను. కానీ ఆ గింజలు తెచ్చి ఆయన మొహాన కొట్టి నోరు మూయించాలన్న కసే ఎక్కువ. ఇది నిజం.

రెండు నెలలకు కవరు వచ్చింది. వాళ్ళ భూమిలో అవి సరిగా రాలేదట. నాటనివి నాలుగు మిగిలాయట, పంపుతున్నామన్నారు. గింజలతో వచ్చిన చీటీ తెలుగులో ఉంది, తమకు చదవరాదు కాబట్టి అది కూడా జతచేస్తున్నామన్నారు.

మడత విప్పాను. పెద్ద మాలి గుండ్రటి అక్షరాలు. "అనప. మా అవ్వ పెట్టిన తీగె. బుర్ర ఎండినంక నీళ్ళు పోస్తే సల్లగుంటయి." అనప మీద అడ్డంగా ఎర్ర గీత. దాని పైన సొర. పక్కనే చిన్న అక్షరాలతో తప్పు అని, కింద రెండు గీతలు. చేతిరాత నాది.

తెలుసు నాకు. ఆయన అనప అంటే ఏమిటో నా కళ్ళతో చదివాను, గింజలు ఎదురుగా పెట్టుకుని మరీ చదివాను. అది తప్పని తేల్చి కొట్టేశాను. కొట్టేసినదాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ప్రొఫెసర్ ముందు, ఇంట్లో, ఆయన ముందు అన్ని నెలలు నేను చెప్పుకున్నది ఏమిటి మరి?

గదిలో ఎవరూ లేరు. చీటీ చించి బుట్టలో పడేస్తే అడిగేవాళ్ళు లేరు. గింజలిచ్చి దండం పెట్టించుకోవచ్చు కూడా. రెండువేళ్ళతో అంచు పట్టుకున్నాను. గింజ ఎక్కడికి పోతే చీటీ అక్కడికి పోవాలని ఇన్నేళ్ళు ఊరంతా వినేలా అరిచిన నోరు ఇదే. లేచి పందిళ్ళ దగ్గరికి వెళ్ళాను.

ఆయన పాదులకు గొప్పు తవ్వుతున్నాడు. పొట్లం చేతికిచ్చాను. నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని ఒక్కొక్కటే తిప్పి చూశాడు. తర్వాత చీటీ విప్పి చదివాడు.

"ఎర్ర పెన్ను నీదే గద."

"నాదే."

"అంటె తెలుసు నీకు."

"తెలుసు. మర్చిపోయినా."

"మర్చిపోలె" అన్నాడు, గొంతు పెంచకుండానే. "మా మాట లెక్కల వెట్టలె."

అప్పుడు కూడా క్షమించు అనలేదు నేను, అంత పొగరు నాకు. ఆయన చీటీ నాకే తిప్పి ఇచ్చి, "దిద్దు" అన్నాడు.

పెన్ను జేబులోనే ఉంది. పందిరి గుంజకు చీటీ ఆనించి, తప్పు అన్న మాట కొట్టేశాను. "సొర కూడ" అన్నాడు. అదీ కొట్టేశాను. పైన ఖాళీ లేక అంచు పొడవునా అనప అని రాశాను. గుంజ గరుకుకు అక్షరాలు వంకరగా వచ్చాయి.

ఆయన నాలుగు గింజలూ చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఒక్కటన్నా గదికి ఇవ్వు పెద్దాయనా" అన్నాను. అడుక్కున్నట్టే అడిగాను.

"ఒకపారి ఇచ్చిన గద" అని పార అందుకున్నాడు. "చీటీ నువ్వు ఉంచుకో."

మాణికేశ్వర్ నగర్‌లో అవి మొలిచాయో లేదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. రిజిస్టరులో ఆ వరుసను ఎర్ర పెన్నుతో దిద్దాను. గింజ లేని ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది.