జయపాల్ మెచ్చిన బసలు

గుణదల కొండకు నడిచివెళ్ళే ఆ బృందంలో ఎవరి మడమకు బొబ్బ లేచినా, ఎవరి పిక్క పట్టేసినా తప్పు జయపాల్‌దే. ఎండ కాస్తే జయపాల్‌ది, మంచు కురిస్తే జయపాల్‌ది. ఏళ్ళ తరబడి ఆ నిందలన్నీ తువ్వాల్లో మూటగట్టుకుని మోశాడే తప్ప ఒక్కనాడూ నాది కాదనలేదు. ఎందుకు మోశాడో తెలియాలంటే ముందు ఆయనకున్న జబ్బు తెలియాలి. రాత్రి బసకు మంచి చోటు దొరికితే జయపాల్‌కు నచ్చదు.

మంచి చోటంటే ఏ స్టార్ హోటలో కాదు. పైన స్లాబు, కింద గచ్చు, నాలుగు ఫ్యాన్లు, తిప్పితే నీళ్ళొచ్చే కుళాయి, తలా కాస్త వేసుకుంటే గిట్టే అద్దె. అలాంటిది రోడ్డు పక్కనే కనిపించినా సరే, ఆయన వెళ్ళి చూసొచ్చి పెదవి విరిచేవాడు. మిగతా ప్రపంచమంతా తక్కువ డబ్బుకు మంచి బస కోసం వెతుకుతుంటే, ఈయన తక్కువ డబ్బుకు చెడ్డ బస కోసం వెతికేవాడు. దొరికేదాకా వదిలేవాడు కాదు.

వాళ్ళ పేట పామర్రుకు దిగువన, కాలవ గట్టు మీద. ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్ళకు అక్కణ్ణుంచి గుణదల దాకా నడిచి వెళ్ళడం వాళ్ళ పెద్దల కాలం నాటి మొక్కుబడి. నడిచేవాళ్ళలో సగం మంది ముసలివాళ్ళు కాబట్టి దారిలో రెండు రాత్రుళ్ళు ఎక్కడో ఒకచోట తల వాల్చాలి. ఆ చోటు చూసే పని జయపాల్‌ది. ఆయన ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో మేస్త్రి. పాత లారీ వస్తే వేలి కణుపులతో టకటకా తట్టి చూడటం ఆ పనిలో అలవాటు. ఆ అలవాటు షెడ్డు దాటి బయటికొచ్చి, లోకంలో నిలబడి ఉన్న ప్రతిదాన్నీ తట్టేదాకా పోయింది. స్తంభాలు తట్టేవాడు, తలుపులు తట్టేవాడు, రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళు తట్టేవాడు. పెళ్ళిచూపులకు వెళ్ళి పిల్లను చూడకుండా మామగారి బీరువా తట్టాడని అత్తవారి వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు.

సాయంత్రం ఏదైనా ఊరు దగ్గర పడగానే బృందం టీకొట్టు దగ్గర కూలబడేది. జయపాల్ ఒక్కడే ముందుకు వెళ్ళేవాడు. తిరిగొచ్చేటప్పుడు తువ్వాలు తలకు చుట్టి ఉంటే బస ఖాయమైనట్టు. భుజం మీద వేలాడుతుంటే ఇంకా నడవాలి. మలుపులో ఆ తువ్వాలు భుజం మీద కనిపించడమే ఆలస్యం, శౌరమ్మ చెప్పులు వెతుక్కుంటూ తిట్లు మొదలుపెట్టేది. పేటలోకెల్లా పెద్దావిడ. తిట్టడంలోనూ పెద్దావిడే.

ఆయన చెప్పే వంకలు అలా ఉండేవి మరి. ఒక కల్యాణ మండపంలో గచ్చు మరీ నున్నగా ఉందట, నిద్రలో అటు దొర్లినవాడు ఇటు తిరిగి రాలేడట. ఒక సత్రంలో ఫ్యాను రెక్కలు సమానంగా లేవట, గాలి ఒకపక్కే కొట్టి తెల్లారేసరికి సగం తలకే జలుబు చేస్తుందట. ఒకచోట గోడ గడియారం గంట గంటకూ లేపి టైము చెబుతుందట. అన్నిటికంటే ఘోరమైనది మాత్రం ఒక ఇంజనీరు గారు కట్టించిన పెద్ద హాలు గురించి చెప్పింది. ఆ హాల్లో మాట్లాడితే మాట తిరిగి వినిపిస్తోందట, శౌరమ్మ గురక ఒకసారి వింటేనే కష్టం, రెండుసార్లు ఎక్కడ వింటామని అడిగాడు. శౌరమ్మ ఆ ఏడు మిగతా దారంతా జపమాల ఒక చేత్తో తిప్పుతూ, జయపాల్‌ను రెండో చేత్తో శపిస్తూ నడిచింది.

ఇంత సుకుమారుడు చివరికి మెచ్చే బసలు చూడాలి. ఉయ్యూరు దారిలో బెల్లం వండే పాక ఆయనకు మహా ఇష్టం. అక్కడ చీమలు మనుషుల్ని బెల్లం దిమ్మలనుకునేవి. అవి కుట్టడం లేదు, పలకరిస్తున్నాయని జయపాల్ వాదన. ఇక రావమ్మగారి పశువుల దాణా గోడౌన్ అంటే ఆయనకు ప్రాణం. అటు తవుడు, ఇటు తెలగపిండి, మధ్యలో ఎలుకలు. తవుడు బస్తాకు నడుం ఆనిస్తే ఏ ఆసుపత్రిలోనూ దొరకని సుఖమని స్తంభం తట్టి మరీ చెప్పేవాడు. పొద్దున్నే లేచేసరికి అందరి మొహాలూ తెల్లగా, పౌడరు కొట్టుకున్న పెళ్ళివారిలా ఉండేవి. మరియదాసు అనే హాస్యగాడు, బృందంలో డప్పు మోసేవాడు, ఆయనకు క్వాలిటీ కంట్రోల్ అని పేరు పెట్టాడు. అందరూ నవ్వారు. జయపాల్ కూడా నవ్వాడు.

నవ్వనిది స్టెల్లా ఒక్కతే. శౌరమ్మకు మనవరాలు, జయపాల్‌కు మేనకోడలు. విజయవాడలో కోచింగ్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఇంత చిన్న ప్రయాణంలో బస ఏర్పాటు చేయలేకపోవడం ఏమిటని ఆమెకు చిరాకు. మిగతావాళ్ళు జయపాల్‌ను నవ్వుతూ తిట్టేవాళ్ళు. స్టెల్లా నిజంగా తిట్టేది.

నిరుటి నడకలో అది ముదిరింది. రోడ్డు పక్కనే కొత్తగా రంగులేసిన మండపం. జయపాల్ వెళ్ళొచ్చాడు, తువ్వాలు భుజం మీదే ఉంది, లోపల సున్నం వాసన కళ్ళు మండిస్తోందన్నాడు. రావమ్మగారి గోడౌన్ చేరేసరికి శౌరమ్మ మడమ చిట్లి చెప్పంతా తడిసింది. స్టెల్లా నానమ్మ కాలు ఒళ్ళో పెట్టుకుని, అందరి ముందూ అనేసింది.

"నీకు పిచ్చి మావయ్యా. నీ పిచ్చికి మా నానమ్మ కాలు బలి."

జయపాల్ బ్యాండేజీ గుడ్డ చింపుతూ, నిజమేనమ్మా అన్నాడు. కట్టు ముడి వేస్తూ, ఆ సున్నం వాసన మాత్రం భరించలేమన్నాడు. దాంతో ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది. వచ్చే ఏడు నుంచి బస చూసే పని తనదని స్టెల్లా ప్రకటించింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. జయపాల్ ఒక్క సలహా మాత్రం ఇచ్చాడు.

"ముందు నువ్వొక్కదానివే వెళ్ళమ్మా. అందర్నీ గేటు దాకా తీసుకెళ్ళకు."

ఈ ఏడు స్టెల్లా అన్నీ పద్ధతిగా చేసింది. ఆ మండపానికే ముందుగా ఫోన్ చేసింది. కాలేజీ పేరు చెప్పి లెక్చరర్‌నని చెప్పగానే మేనేజరు ఎంతో మర్యాదగా మాట్లాడాడు. డైనింగ్ హాలు ఖాళీయే, అద్దె కూడా అందుబాటులోనే, వచ్చి తాళం తీసుకోండి మేడమ్ అన్నాడు. శౌరమ్మకు ఈసారి ఆ మండపం దాటి నడిచే ఓపిక లేదని అందరికీ తెలుసు. అందుకే స్టెల్లాకు ఆ మండపం గెలవడం పంతమైంది. జయపాల్ పని పోయిన మనిషిలా అందరికంటే వెనక, నీళ్ళ క్యాను మోసుకుంటూ, కిలోమీటరు రాళ్ళు తట్టుకుంటూ నడిచాడు.

పొద్దు వాలుతుండగా బృందం టీకొట్టు బెంచీల మీద చేరింది. శౌరమ్మ చెప్పులు విడిచి కాళ్ళు చాపుకుంది. స్టెల్లా ఒక్కతే మండపం గేటు దగ్గరికి వెళ్ళింది.

మేనేజరు నవ్వుతూ ఎదురొచ్చాడు. రండి మేడమ్ అన్నాడు. రసీదు పుస్తకం తీస్తూ పేరు అడిగాడు, చెప్పింది. ఊరు అడిగాడు, చెప్పింది. అతని చేతిలో పెన్ను ఆగింది.

"ఊళ్ళో ఎటువైపండీ మీది? కాలవకి ఇవతలా, అవతలా?"

అవతల అని చెప్పింది. మేనేజరు పుస్తకం మూశాడు. మొహంలో మర్యాద మాత్రం చెక్కు చెదరలేదు. తనకేమీ పట్టింపుల్లేవని, తన స్నేహితుల్లో అన్ని రకాలవాళ్ళూ ఉన్నారని, కమిటీవాళ్ళే పాతకాలం మనుషులని గొంతు తగ్గించి చెప్పాడు. ఆ తర్వాత గొంతు పెంచాడు.

"అసలు మోటారు పాడైందండీ. చుక్క నీళ్ళు లేవు."

అతని వెనకాల, మేడ మీది ట్యాంకు నిండి నీళ్ళు గోడ వెంట ధారగా కారుతున్నాయి. స్టెల్లా అటు చూపించింది. మేనేజరు కూడా వెనక్కి తిరిగి కాసేపు ఆ ధారను చూశాడు.

"అదేనండీ రిపేరు," అన్నాడు.

గేటు పడింది. స్టెల్లా అక్కడే నిలబడి చువ్వల సందుల్లోంచి లోపలికి చూసింది. హాలు తలుపులు మూసి ఉన్నాయి. గచ్చు కనిపించడం లేదు. గడియారం కనిపించడం లేదు. గేటు బయట నిలబడితే ఏ ఫ్యాను రెక్కలూ కనిపించవు. మావయ్య ఎప్పుడూ గేటు దాటి లోపలికి వెళ్ళలేదని ఆమెకు అప్పుడు అర్థమైంది. సున్నం వాసన, గోడ గడియారం, నానమ్మ గురక అన్నీ ఇక్కడి నుంచి టీకొట్టు దాకా నడిచే ఆ కాస్త దూరంలో పుట్టినవే.

గొడవ పెట్టాలనిపించింది. కేసు పెట్టాలనిపించింది. కానీ ముందు టీకొట్టు దాకా నడవాలి. అక్కడ అన్ని మొహాలూ తనవైపే తిరిగి ఉన్నాయి. నానమ్మ అరికాలు పైకి కనిపిస్తోంది, నిరుటి మచ్చతో సహా. ఉన్నదున్నట్టు చెప్పాలనే అనుకుంది. నోరు తెరిచింది.

"లోపల బాగోలేదు. ఇంకా సున్నం వాసనే."

బృందం చివర నుంచి జయపాల్, నీళ్ళ క్యాను కింద పెట్టి, మెల్లగా అడిగాడు.

"ఫ్యాన్లు చూశావామ్మా?"

"చూశాను మావయ్యా. రెక్కలు సమానంగా లేవు."

ఆయన తల పంకించాడు. ఆమె వైపు చూడలేక కొట్టు గుంజ తట్టాడు. అప్పుడు శౌరమ్మ చెప్పులు వేసుకుంటూ నిట్టూర్చింది.

"దీనికి అబద్ధం ఆడటం రాలేదు. జయపాలైతే కనీసం కొత్తది చెప్పేవోడు."

ముసలావిడ తాపీగా చెప్పుకుపోయింది. ఈ రోడ్డు మీద తను జయపాల్ పుట్టకముందు నుంచీ నడుస్తోందట. ఏ గేటు తెరుచుకుంటుందో, ఏది తెరుచుకోదో తనకు తెలియదా అంది. తమకు తెలియదనుకుని జయపాల్ తృప్తి పడుతున్నాడు, ఆ తృప్తి చెడగొట్టడం ఎందుకని తిడుతూ వచ్చిందట. తిట్టడం మానేస్తే తెలిసిపోయిందని కనిపెట్టేసేవాడు గదా అంది.

జయపాల్ బెంచీ మీద కూలబడ్డాడు. మరియదాసు వైపు చూశాడు. మరియదాసు టీ గ్లాసులోకి చూశాడు. మిగతావాళ్ళు తలా ఒక దిక్కు చూశారు. తెలియనిది లెక్కల మేడమ్‌కు ఒక్కదానికేనని తేలిపోయింది.

"అయితే ఇన్నేళ్ళూ ఒక్కటీ నమ్మలేదా?" అన్నాడు జయపాల్, బాగా నొచ్చుకుని.

"గచ్చు నమ్మాం," అన్నాడు మరియదాసు. "గడియారం దగ్గరే అనుమానం వచ్చింది."

అందరూ లేచి నడవడం మొదలుపెట్టారు. శౌరమ్మను ఒక పక్క స్టెల్లా, ఒక పక్క జయపాల్ పట్టుకున్నారు. నిరుడు పిచ్చి అన్న మాట స్టెల్లాకు గుర్తొచ్చింది. దాన్ని వెనక్కి తీసుకునే దారి ఆమెకు తెలియలేదు. ఎందుకు చెప్పలేదు మావయ్యా అని మాత్రం అడగగలిగింది.

"నడిచేవాళ్ళకు కాళ్ళ నొప్పి ఒకటి చాలమ్మా."

"నేనన్న మాట..."

"నువ్వంత కోపంగా తిట్టావంటే అతుకు ఎక్కడా కనబడలేదన్నమాట. మేస్త్రికి అంతకంటే ఏం కావాలి?"

స్టెల్లా నవ్వింది. నవ్వు పూర్తిగా రాలేదు. ఒకరి మనసు ఒకరు కష్టపెట్టకూడదని ఈ మనుషులంతా ఇన్నేళ్ళూ ఒకరికొకరు అబద్ధాలు చెప్పుకున్నారు. ఆ అబద్ధాల వల్ల హాయిగా నిద్రపోయింది మాత్రం గేటు లోపలివాళ్ళు. వాళ్ళ మీద ఒక్క మాట పడలేదు. వాళ్ళు చేసిన పనికి పడాల్సిన తిట్లన్నీ జయపాల్ తిన్నాడు. వాళ్ళు వేసిన తాళానికి శౌరమ్మ మడమ చిట్లింది. మంచితనంతో పుట్టిన అబద్ధమే అయినా అది కాపలా కాసింది ఆ గేటుకే. ఆ సంగతి ఆలోచించిన కొద్దీ స్టెల్లాకు దుఃఖం కంటే కోపం ఎక్కువైంది. వచ్చే ఏడు అందరూ కలిసే గేటు దగ్గరికి వెళ్దామంది. లేదనే మాటేదో అందరి ముఖం మీదా అననీ, కావాల్సినచోట ఫిర్యాదు కాగితం పెడదామంది. జయపాల్ చాలాసేపు ఆలోచించి సరేనన్నాడు. కాకపోతే, తాళం తీశాక ఫ్యాన్లు తనే చూస్తానని షరతు పెట్టాడు.

లావుపాటి మనిషి రావమ్మగారు, గోడౌన్ ముందు లైటు వేసి మెట్టు మీద నిలబడి ఉంది. దారిలో డప్పు వినపడగానే పొయ్యి మీద నీళ్ళు పెట్టించిందట. ఎప్పటిలాగే ఒక్కటే అడిగింది.

"ఎంతమందమ్మా ఈసారి?"

ఆ ప్రశ్న విని స్టెల్లా కళ్ళు తుడుచుకుంటుంటే, తవుడు కళ్ళలో పడిందేమోనని రావమ్మగారు కొంగు ఇవ్వబోయింది. వెనకాల జయపాల్ తువ్వాలు తలకు చుట్టుకుని, స్తంభాన్ని టకటకా తట్టి, ఇంతకంటే మంచి బస బెజవాడలో కూడా దొరకదని ప్రకటించాడు. ఈసారి ఎవరూ ఆయన్ను తిట్టలేదు. శౌరమ్మ మాత్రం పేరు నిలుపుకోవడానికి ఒకటి తిట్టింది.

చదివేవాళ్ళకు ఒక విన్నపం. మీ ఊళ్ళో మండపం ఉండొచ్చు, సత్రం ఉండొచ్చు, మీకే ఖాళీ షెడ్డు ఉండొచ్చు. అద్దె తీసుకోండి, తప్పు లేదు. కానీ రాత్రి బసకు వచ్చినవాళ్ళను కాలవకు ఎటువైపని అడక్కండి. ఎంతమంది అని అడగండి చాలు. మండపం కమిటీలో మీరుంటే ఈ నెల సమావేశంలోనే ఆ మాట ఎత్తండి. మీరు లేకపోతే ఉన్నవాళ్ళను నిలదీయండి. ఫిబ్రవరి వచ్చేలోపు మీ గేటు అందరికీ తెరుచుకోవాలి.

తెరిచాక ఒక పెద్దాయన, తువ్వాలు భుజాన వేసుకుని, లోపలికొచ్చి మీ స్తంభాలు తట్టి, మీ ఫ్యాను వంక చూసి పెదవి విరిస్తే మాత్రం మనసులో పెట్టుకోకండి. పాపం ఆయన లోపలి నుంచి ఫ్యాను చూడటం అదే మొదటిసారి.