రేపల్లె తాతయ్య కాళ్ళు

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకీ చెప్పలేదు, నాన్నకీ చెప్పలేదు. బట్టల అడుగున దాచుకునే నా డైరీలో కూడా రాయలేదు. మా నాయనమ్మ వీధి వీధంతా పిలిచి చూపించుకుని మురిసిపోయిన నా కాళ్ళ ఆట రేపల్లె తాతయ్య పోలిక కాదు. ఆయన పోలిక అనడం వల్లే మా అమ్మకి ఆ ఇంటి తలుపు తెరుచుకుంది కాబట్టి, ఇన్నేళ్ళూ నోరు విప్పలేదు.

నాన్న వాళ్ళది రేపల్లెలో పొలం పుట్రా ఉన్న వ్యవసాయ కుటుంబం. అమ్మ వాళ్ళు వేటపాలెం నుంచి వచ్చి బాపట్లలో మగ్గాలు వేసుకున్న నేతవాళ్ళు. నాన్న చదువుకోసం బాపట్లలో గది అద్దెకి తీసుకున్నది ఆ వీధిలోనే. మొదట ఒక తువ్వాలు కొనడానికి వాళ్ళింటికి వెళ్ళాడట. తరవాత ఇంకో తువ్వాలు. పరీక్షలు అయ్యేసరికి ఆయన పెట్టెలో పుస్తకాలకంటే తువ్వాళ్ళు ఎక్కువయ్యాయి. ఇప్పటికీ మా ఇంట్లో చేతులు తుడుచుకోవడానికి కరువు లేదు.

పెళ్ళి రిజిస్ట్రారు దగ్గర జరిగింది. కాపురం తెనాలిలో పెట్టారు. తెనాలి స్టేషన్లో ఒక బండి ఎక్కితే రేపల్లె, ఇంకో బండి ఎక్కితే బాపట్ల. ఆ రెండు ఊళ్ళకీ సరిగ్గా సర్దిపెట్టినట్టు నేను మధ్యలో పుట్టాను.

పుట్టిన దగ్గర్నుంచీ నన్ను పంచుకోవడం మొదలైంది. జుట్టు తమదని బాపట్ల అమ్మమ్మ ముందే రాయించుకుంది. ముక్కు సంగతి వస్తే మాత్రం, "పాపం, అది వాళ్ళదిలే," అనేది. రేపల్లె నాయనమ్మ నన్ను చూడకపోయినా నాన్న పట్టుకెళ్ళిన ఫోటో చూసి, నుదురు తమ వైపుకి కలిపేసుకుంది. చామనఛాయ ఎవరిదనే విషయంలో కొంతకాలం వాదన నడిచింది. చివరికి తెనాలి ఎండ మీదికి తోసేశారు.

నా సిగ్గు ఒక్కటే ఎవరికీ అక్కర్లేకపోయింది.

"మా ఇళ్ళల్లో మగ్గం చప్పుడు మీద మాట వినపడాలి. అందరం అరిచి చచ్చేవాళ్ళమే. ఈ మూగతనం మాది కాదు," అని అమ్మమ్మ.

"మావాళ్ళు ఈ గట్టు మీంచి ఆ గట్టుకి కేకేసేవాళ్ళురా. గుసగుసలు మాకు చేతకావు. వాళ్ళనే అడుగు," అని నాన్న ద్వారా నాయనమ్మ.

ఎవరిదో తెలియని ఆ సిగ్గుని నేనే పెంచుకున్నాను. ఎవరైనా ఇంటికి వస్తే పుస్తకం పట్టుకుని గాదె వెనక్కి వెళ్ళిపోయేదాన్ని.

వేసవి సెలవుల్లో బాపట్ల వెళితే నా చోటు తాతయ్య పక్కన. వాళ్ళది గుంట మగ్గం. నేలలో గొయ్యి ఉంటుంది, నేసే మనిషి గట్టు మీద కూర్చుని కాళ్ళు గోతిలోకి దించి కింద ఉన్న చెక్కలు తొక్కాలి. ఎడమ కాలు తొక్కితే దారం మోసే నాడె ఇటు, కుడి కాలు తొక్కితే నాడె అటు. నా కాళ్ళకి చెక్కలు అందేవి కావు. గాలినే తొక్కేదాన్ని. ఎడమ, కుడి, ఎడమ, కుడి. ఆ ఇంట్లో మగ్గం దిగాక కూడా ఎవరి కాళ్ళూ ఆగేవి కావు. తాతయ్య పేపరు చదువుతుంటే చాప మీద ఆయన పాదాలు నేస్తూనే ఉండేవి. అమ్మ మగ్గం వదిలేసి ఎన్నేళ్ళయినా, నాన్న బండి ఆలస్యమైతే పీట మీద కూర్చున్న ఆవిడ కాళ్ళు మొదలుపెట్టేవి.

నాన్నకి మాత్రం ఇది తెలియదు. బాపట్లలో ఆయన చూసింది గట్టు మీద ఉన్న మనిషిని; గోతిలో ఉన్న కాళ్ళని కాదు.

ఇక నాయనమ్మ. పెళ్ళి కబురు తెలిసిన రోజున ఆవిడ వీధి అరుగు మీద నలుగురి ముందు నిలబడి, "ఆ పిల్ల నా గడప తొక్కదు," అందిట. ఆవిడ మాట అంటే రేపల్లెలో మాటే. నాన్న పండగలకి ఒక్కడే వెళ్ళి వచ్చేవాడు. వెళ్ళినప్పుడల్లా అమ్మ ఒక డబ్బా నిండా చేగోడీలో మురుకులో చేసి పంపేది. మా వైపు ఎవరైనా ఏదైనా పంపితే ఆ గిన్నె ఖాళీగా తిప్పి పంపరు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేస్తారు. ఆ డబ్బా మాత్రం ప్రతిసారీ ఖాళీగా, తళతళా తోమి వచ్చేది. అమ్మ మూత తీసి చూసి, మళ్ళీ మూసి, అటక మీద పెట్టేది. చేగోడీలు ఎవరు తిన్నారని నేను అడిగితే నాన్న బూట్లు విప్పడంలో మునిగిపోయేవాడు.

నాకు పదకొండేళ్ళప్పుడు కాబోలు, నాయనమ్మ, "పిల్లేం చేసిందిరా, పిల్లని తీసుకురా," అని కబురుపెట్టింది. అమ్మ నాకు తల బిగించి జడ వేస్తూ పాఠం చెప్పింది.

"అడిగినదానికి అవునండి, లేదండి అను. మగ్గం ఊసెత్తకు."

అవునండి, లేదండి దాటి నేనెప్పుడు మాట్లాడాను గనక?

రేపల్లె ఇంటి వసారాలో ఎత్తు బల్ల ఒకటి ఉండేది. నన్ను దాని మీద కూర్చోబెట్టారు. నాయనమ్మ, నాన్న చెల్లెలైన మా అత్తయ్య, పక్కింటి మామ్మగారు చుట్టూ చేరారు. గిత్తని బేరమాడేవాళ్ళు చూసినట్టు చూశారు. పళ్ళు మాత్రం లెక్కపెట్టలేదు.

"నుదురు మనదే," అంది నాయనమ్మ.

"ముక్కు మాత్రం కాదు," అంది అత్తయ్య.

"ముక్కు పెరుగుతుందిలే. చెవులు చూడు. మీ నాన్న చెవులు."

"నాన్నవి చేటలు కదమ్మా. ఇవి బుల్లి చెవులు."

"పోయిన మనిషిని పట్టుకుని ఏం మాటే అది!"

పక్కింటి మామ్మగారు నా గడ్డం పట్టుకుంది. "ఏమ్మా, మాటలు వచ్చా?"

"వచ్చండి."

"ఏవీ, ఓ నాలుగు మాట్లాడు."

నాకు ఒక్కటీ దొరకలేదు. అత్తయ్య ఫక్కున నవ్వింది. "ఈ నోరు లేకపోవడం ఎవరి పోలికో!"

"ఆ వైపుదే," అంది నాయనమ్మ, రెప్పపాటు ఆగకుండా.

సిగ్గుతో నా తల వంగిపోయింది. బల్ల కింద వేలాడుతున్న కాళ్ళు వాటంతటవే మొదలుపెట్టాయి. ఎడమ, కుడి, ఎడమ, కుడి.

"ఏంటే ఆ కాళ్ళు?" అంది అత్తయ్య.

మగ్గం ఊసెత్తకు అన్న అమ్మ మాట గుర్తొచ్చింది. నేను ఎత్తలేదు, కాళ్ళు ఎత్తాయి. ఆపాలనుకున్నకొద్దీ అవి ఇంకా జోరందుకున్నాయి. నాయనమ్మ వంగి నా పాదాలవైపు చాలాసేపు చూసింది. తరవాత నా మొహంలోకి చూసింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"అచ్చం ఆయనే," అంది.

"ఎవరు, నాన్నా? నాన్న ఎప్పుడు ఊపారమ్మా కాళ్ళు?"

"నీకేం తెలుసు, నువ్వు పుట్టకముందు. కళ్ళంలో ధాన్యం కొలుస్తుంటే మంచం మీద కూర్చుని ఇలాగే, ఇటొకటి అటొకటి."

పక్కింటి మామ్మగారు వెనకబడుతుందా! "అవునవును, నేనూ చూశాగా. అరుగు మీద కూర్చుంటే ఆయన కాళ్ళు నిలిచేవే కావు."

సాయంత్రానికి రేపల్లె తాతయ్య కాళ్ళూపి ఊపి ఒక నవారు మంచం కోడు వదులు చేసినట్టు కూడా ఎవరికో గుర్తొచ్చింది. నాన్న కూడా "మా నాన్నే, మా నాన్నే," అంటూ నా తల నిమిరాడు. చెప్పడానికి నాకు నోరు రాలేదు, చెప్పకుండా ఉండడానికి కాళ్ళు ఆగలేదు.

నాయనమ్మ అందరూ ఉండగానే నాన్నని పిలిచింది. "ఒరేయ్, ఆయన కాళ్ళు మళ్ళీ ఈ ఇంటికి వచ్చాయి. ఆ కాళ్ళని మోసి కన్నదాన్ని వీధిలో నిలబెడితే ఆయన ఊరుకుంటారంట్రా? శ్రావణ శుక్రవారం పేరంటానికి దాన్ని తీసుకురా."

"ఎవర్నమ్మా?"

"నీ పెళ్ళాన్నిరా, మొద్దూ."

ఆ రోజు డబ్బా నిండా సున్నుండలతో తెనాలి వచ్చింది. అమ్మ మూత తీసింది. చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. పీట కింద ఆవిడ కాళ్ళు మాత్రం ఒక చీర నేసేశాయి.

అప్పటినుంచి నాకు నిద్ర పట్టడం మానేసింది. నా కాళ్ళు రేపల్లె తాతయ్యవని ఒప్పుకున్నారు, బాగుంది. అమ్మ కాళ్ళు చూస్తే ఏమవుతుంది? ఆయనకి అమ్మ ఏమీ కాదు కదా! అసలు సంగతి బయటపడితే ఆ తలుపు మళ్ళీ మూసుకుంటుంది. ఈసారి మూసుకుంటే తెరుచుకోదు. అమ్మకి చెబుదామనుకున్నాను. చెబితే ఆవిడ భయపడుతుంది, భయపడితే కాళ్ళు ఇంకా ఊగుతాయి. అందుకని చెప్పలేదు.

పేరంటం రోజున వసారా నిండా ఆడవాళ్ళు. నాయనమ్మ విధవరాలు కాబట్టి ముందుకి రాలేదు, గుమ్మం వెనక పీట వేసుకుని అక్కణ్ణుంచే అన్నీ నడిపిస్తోంది. పళ్ళెంలో పసుపు ముద్ద పట్టుకుని ఒక్కొక్కరి కాళ్ళకీ రాస్తోంది అత్తయ్య. అంతవరకు ఈ పసుపు రాయడం సంగతి నా ఆలోచనలోకే రాలేదు! దాచుకోవడానికి చీర కుచ్చెళ్ళు కూడా పనికిరావు, పాదాలు ముందుకి చాపాల్సిందే. అమ్మ వంతు వచ్చింది. అందరూ ఈ కోడలేనా అని మెడలు చాచి చూస్తున్నారు. అమ్మ పాదాలు చాపింది. ఎడమ, కుడి.

"వదినా, ఒక్క క్షణం కదపకండి," అంది అత్తయ్య.

"లేదండి, కదపనండి," అంది అమ్మ. కాళ్ళు ఆ మాట వినలేదు. పసుపు పాదానికి బదులు అత్తయ్య మోచేతికి అంటింది, తరవాత కొత్త చీరకి అంటింది. నేను పక్కన చేరి అమ్మ పాదం మీద నా చెయ్యి పెట్టి నొక్కాను. రెండో పాదం ఒంటరిగా కానిచ్చింది.

అత్తయ్య చెయ్యి ఆపింది. పాదాలవైపు చూసింది, నా వైపు చూసింది. "అమ్మా! వదినకి కూడా నాన్న పోలికేనా?" అంది.

వసారాలో తలలన్నీ అమ్మ పాదాలవైపు తిరిగాయి. అమ్మ మొహం పాలిపోయింది. నాకు అక్కడే, ఆ పసుపు పళ్ళెంలోనే మునిగిపోవాలనిపించింది.

గుమ్మం వెనకనుంచి నాయనమ్మ గొంతు ఖంగుమని లేచింది. "తొమ్మిది నెలలు ఆ పిల్ల లోపల కూర్చుని కాళ్ళూపితే తల్లికి అంటుకోదటే? ముగ్గురు పిల్లల్ని కన్నావు, ఆమాత్రం తెలీదూ?"

ఎవరూ నవ్వలేదు. ఒకావిడ గంభీరంగా తల ఊపింది. "నిజమేనమ్మా. మా రెండోవాడు కడుపులో పడ్డప్పటినుంచే నాకు ఎడంచేతి వాటం వచ్చింది." ఇంకొకావిడకి కూతురివల్ల గురక వచ్చిందట. వయసులో పెద్దదైన ఒకావిడ తన కోపమంతా కొడుకు దగ్గర్నుంచి వచ్చిందే అని తేల్చింది. పోలికలు పైనుంచి కిందికే కాదు, కిందనుంచి పైకి కూడా పాకుతాయని ఆ మధ్యాహ్నం రేపల్లెలో ఖాయమైపోయింది. అత్తయ్య మోచేయి తుడుచుకుని అమ్మ పాదాలకి నిండుగా పసుపు రాసింది. నాయనమ్మ లోపలినుంచి, "శనగలు ఇంకాస్త పెట్టవే దానికి, తెనాలి దాకా వెళ్ళాలి," అని అరిచింది.

తరవాత అమ్మ ఆ ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళిందో. అత్తాకోడళ్ళు ఊరగాయల దగ్గర హాయిగా పోట్లాడుకునేంత దగ్గరయ్యారు. నేను తెనాలిలో కాలేజీలో చేరాక, బఠాణీ మొక్కలతో పోలికల పాఠం చెప్పి, మీ ఇళ్ళల్లో పోలికలు రాసుకురమ్మన్నారు మాష్టారు. నుదురు రాశాను, జుట్టు రాశాను. కాళ్ళు రాయలేదు. రాస్తే ఎవరి పేరు కింద రాయాలి?

చివరిసారి రేపల్లె వెళ్ళినప్పుడు నాయనమ్మ మంచం మీద ఉంది. మనిషి చిక్కిపోయింది, గొంతు మాత్రం చిక్కలేదు. మధ్యాహ్నం బండికి నేను బయలుదేరాలి. మంచం పట్టె మీద కూర్చున్నాను, కాళ్ళు మొదలుపెట్టాయి. నాయనమ్మ వాటినే చూస్తోంది. వంటింట్లో ఉన్న అత్తయ్యకి వినపడకుండా నన్ను దగ్గరికి వంగమంది. ఆవిడ గుసగుసగా మాట్లాడడం నేను వినడం అదే మొదలు. ఆ తరవాత నెల తిరక్కుండానే ఆవిడ పోయింది కాబట్టి, అవే నాకు ఆవిడ చెప్పిన ఆఖరి మాటలు కూడా.

"మీ తాత కూర్చుంటే బండరాయేనే, కాలు కదిపిన పాపాన పోలేదు. మగ్గం తొక్కే కాళ్ళు నేనెరగనా? నలుగుర్లో అన్న మాట వెనక్కి తీసుకోవాలంటే నాకో సాకు కావద్దూ? నువ్వూ తెలిసే నోరు మూసుకున్నావు చూడు, ఇన్నేళ్ళూ, ఆ గుణం ఎవరిదని అందరూ తెగ వెతికారే, అది నాదే. ఇక లే, బండి అందదు, ఆ కాళ్ళకి కాస్త పని చెప్పు."