నాన్న చేతిలో లేని కొడవలి

బస్తర్ సంస్థానంలో, శబరి ఒడ్డున ఉన్న మా ఊళ్లో ఒక కట్టు ఉండేది. బాలింత ఉన్న ఇంటి వరికోత ఊరే కోస్తుంది. ఆ ఇంటివాళ్లు మాత్రం కొడవలి ముట్టకూడదు. చెల్లి పుట్టిన వారానికి మా వంతు వచ్చింది. నాన్నంత మొండిమనిషి ఆ చుట్టుపక్కల ఇంకొకరు లేరు, నేను తప్ప. నాన్న చాటుగా మడిలోకి దిగి కోయబోతే ఊరి పెద్దాయన కొడవలి లాక్కున్నాడు.

“నీకేంది ఈడ పని? ఇంటికి పొయ్యి కూసో.”

నాన్న సణుక్కుంటూ వచ్చి అమ్మ మంచం పక్కన కూలబడ్డాడు. చేతులు ఊరుకోక చెల్లిని ఒళ్లోకి తీసుకున్నాడు.

పొద్దు వాలాక పెద్దాయన కొడవలి తిరిగివ్వడానికి వచ్చాడు. నాన్న చెయ్యి చాపలేదు.

“రేపిద్దువు తియ్యి పెద్దయ్యా. పిల్ల ఇప్పుడే పండుకుంది.”