ముగింపు రాసే మొగులయ్య

విమానం దిగినవాళ్లు సామాన్లు కారులో వేసుకున్నాక ట్రాలీని ఎక్కడ పడితే అక్కడ వదిలేసి పోతారు. వాటిని ఏరి, ఒకదానిలో ఒకటి దూర్చి, బారెడు వరుసను నెట్టుకుంటూ మళ్లీ తలుపుల దగ్గరికి చేర్చడం మొగులయ్య పని. పన్నెండేళ్లుగా శంషాబాద్ ఎయిర్‌పోర్టులో అదే చేస్తున్నాడు. యాభై దాటిన మనిషి. మాట తక్కువ. ఆయన సినిమాల మీద బ్లాగు రాస్తాడన్న సంగతి తోటివాడు సత్తయ్యకు తప్ప అక్కడ ఎవరికీ తెలియదు. సత్తయ్యకైనా ఎందుకు తెలుసంటే, నగరంలో ఏటా చలికాలంలో జరిగే చిత్రోత్సవానికి ఆరు రోజులూ డ్యూటీ మార్చుకునేది ఆయనతోనే.

"ఏంది మొగులన్నా, మల్ల నీ జాతర వచ్చిందా?"

"వచ్చిందే. పొద్దటి డ్యూటీ జర నువ్వు చూసుకో. రెండు గంటలకల్లా నేనొస్త."

"ఆ సిన్మాలల్ల ఒక్క పాటన్న ఉంటదా?"

"ఉండదు."

"ఫైటు?"

"అదీ ఉండదు."

"గట్లయితే బస్సు కిరాయి పెట్టుకొని అంత దూరం ఎందుకే? ఈ గోడ చూసుకుంట కూసో, సాలదా!" అని నవ్వుతూనే సత్తయ్య రిజిస్టర్‌లో పేరు మార్చేవాడు. ఏ ఏడూ కాదనలేదు.

ఈ అలవాటు ఒక పరాయి దేశపు ముసలాయన వల్ల వచ్చింది. ఉత్సవానికి వచ్చి, అది ముగియకముందే తిరిగి వెళ్లిపోతూ, బరువైన పెట్టెలు మోసి పెట్టినందుకు ఆయన తన మెడలోని పాసు తీసి మొగులయ్య మెడలో వేశాడు. మర్నాడు మొగులయ్య భయపడుతూనే వెళ్లాడు. హాల్లోకి అడుగుపెట్టగానే చెప్పులు విప్పి సీటు కిందికి నెట్టాడు. తెర మీద మనుషులు ఏ భాష మాట్లాడుతున్నారో తెలియలేదు. కింద వచ్చే ఇంగ్లిషు అక్షరాలు సగం చదివేలోపే మాయమయ్యేవి. కానీ ఆ తెర మీద ఒక తల్లి పొయ్యి ఊదితే ఆయన కళ్లలోకి పొగ వచ్చింది. దేవుడు అందరి ఇళ్లలోనూ ఒకే రకం పొయ్యి పెట్టాడు కదా అనుకున్నాడు.

ఇంటికి పోయి ఆ కథంతా భార్య భాగ్యమ్మకు చెప్పాడు. షుగర్ వల్ల ఆమెకు అప్పటికే చూపు పోయింది. నులకమంచం మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వినేది. ఎక్కడైనా ఆగితే "ఆఖరికి?" అనేది. ఆరేళ్లపాటు చిత్రోత్సవాన్ని ఆమె ఆ మంచం మీద నుంచే చూసింది. నాలుగేళ్ల కింద ఆమె కాలం చేసింది. పిల్లలు లేరు. ఆ ఏడాది సినిమా చూసి వచ్చి తాళం తీసి, చెప్పడానికి నోరు తెరిచి, ఖాళీ మంచం చూసి మూసుకున్నాడు.

అప్పుడు ఆదుకున్నది రాఘవేందర్. చిత్రోత్సవం గురించి బ్లాగులు రాసేవాళ్లు ఐదారుగురు ఉన్నారు. మెడలో ట్యాగులు, చేతిలో టీ కప్పులు, నోట్లో దర్శకుల పేర్లు. వాళ్లలో అతనొకడు. క్యాంటీన్ వరుసలో మొగులయ్య గోడు విని, అక్కడికక్కడే ఫోన్ తీసుకుని బ్లాగు తెరిచి ఇచ్చాడు. తెలుగు అక్షరాలు ఎట్లా కొట్టాలో రెండు పూటలు కూర్చుని నేర్పాడు. అంత ఓపిక కన్నకొడుక్కి కూడా ఉండదు.

మొగులయ్య రాసేది సమీక్ష కాదు. భాగ్యమ్మకు చెప్పినట్టే మొదటి నుంచి చివరి దాకా కథ మొత్తం రాస్తాడు. మిగతావాళ్లకు అది నవ్వులాట.

"మొగులన్న బ్లాగు చదివితే ఇగ సిన్మాకు పోయే పనే లేదు. ముగింపు గూడ చెప్పేస్తడు!"

"చెప్పకుంటే ఎట్ల బిడ్డా? ఆఖరుదాక చెప్పని కథ పాపం గాదా?" అనేవాడు ఆయన. చిన్నప్పుడు వ్రతం దగ్గర వాళ్లమ్మ రాములమ్మ భుజం నొక్కి కూర్చోబెట్టేది. కథ నడుమ లేస్తే, కథలో ఉన్నవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడ గోసపడుతూ నిలబడిపోతారని చెప్పేది. ఆ మాట ఆయన ఎముకల్లోకి పోయింది.

బ్లాగుకు చదివేవాళ్లు లేరు. ఒక్కరు తప్ప. శోభ అనే పేరుతో ప్రతి పోస్టు కింద ఒక ముక్క కనిపించేది. "చదివిన అన్నా." అంతే. ఆమె ఎవరో, ఎక్కడుంటుందో ఆయనకు తెలియదు. ఏ దుబాయిలోనో ఉంటుందనుకునేవాడు. ఆ రెండు మాటల కోసం ఏడాదంతా ఎదురుచూసేవాడు.

ఈ ఏడు నాలుగో రోజు ఆయన చేయరాని పని చేశాడు. సినిమా మధ్యలో లేచాడు.

తప్పు ఆయనది కాదు. పదిన్నరకు మొదలు కావాల్సిన ఆట, దీపం వెలిగించడం, శాలువాలు, ఉపన్యాసాలు ముగిసేసరికి పదకొండుంబావు అయింది. తెర మీద మంచుకొండల దేశం. ఒంటరి ముసలామె. ఆమెకున్నది ఒక కంచరగాడిద. మేపలేక దాన్ని మూడు కొండల అవతల సంతలో అమ్మి, ఒంటరిగా నడిచి ఇల్లు చేరింది. అక్కడ ఆ జంతువు పలుపు తెంపుకుని, మంచు కురుస్తుంటే వెనక్కి బయలుదేరింది. సరిగ్గా అప్పుడు ఫోన్ వణికింది. సత్తయ్య. కోడలిని దవాఖానకు తీసుకుపోవాలి, వెంటనే రమ్మన్నాడు. ఇన్నేళ్లు తన కోసం సర్దుకున్న మనిషికి ఎట్లా కాదంటాడు? చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి చూశాడు. గాడిద వాగు ఒడ్డున నిలబడి ఉంది.

డ్యూటీ ముగిశాక చూసినంత వరకు నిజాయితీగా రాసి, మిగతాది రేపు రాస్తానని పెట్టాడు. తెల్లారి టీ కాచుకుంటుంటే శోభ మాట వచ్చింది. ఈసారి రెండు మాటలు కాదు.

"ఆఖరికి ఏమైందన్నా? అది ఇల్లు చేరిందా? రాత్రంతా అదే మనసుల ఉన్నది. ఇయ్యాల తప్పక చెప్పున్రి."

మొగులయ్య టీ పొంగిపోయింది.

ఆ సినిమా ఉత్సవంలో ఒక్కసారే వేస్తారు. ఫోన్‌లో ఎక్కడా లేదు. మిగతావాళ్ల బ్లాగులన్నీ వెతికాడు. వెలుగు, నీడ, మౌనం, కెమెరా, అన్నీ ఉన్నాయి. ముగింపు మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పకూడదన్నది వాళ్ల నియమం. రాఘవేందర్‌కు ఫోన్ చేశాడు.

"ఆఖరు ఎవలన్న రాస్తరా అన్నా? చూసేటోళ్ల నోటికాడి ముద్ద గుంజినట్టే గదా."

"రాయకు రాజా. నాకొక్కనికి చెవుల చెప్పు."

రాఘవేందర్ గొంతు తగ్గించాడు. "నిజం చెప్పాల్నంటే అన్నా... నేను సగంలనే లేచిన. పక్క హాల్ల ఇంకో మంచిదుండె. మనీషాను అడుగు, ఆమె పెద్దగ రాసింది."

మనీషా ఇంగ్లిషులో రాసే పిల్ల. ముగింపు గుండెను పిండేస్తుందని రాసిందట. మొగులయ్య ఆ ఉదయమే ఆమెను క్యాంటీన్ దగ్గర పట్టుకున్నాడు.

"బిడ్డా, ఆ గాడిద ఇల్లు చేరిందా?"

ఆ పిల్ల టీ కప్పులోకి చూసింది. "అంకుల్... తర్వాతి సినిమా క్యూ పెద్దగుంటదని పది నిమిషాలు ముందే బయటికొచ్చిన."

"మరి గుండె పిండిందంటివి?"

"అందరు అట్లనే అన్నరు అంకుల్," అని సిగ్గుపడి, "సారీ, ఎవరికీ చెప్పకండి," అంటూ తన ప్లేటులోని ఉస్మానియా బిస్కెట్ ఆయన చేతిలో పెట్టింది.

ఆయన మెట్ల మీద కూర్చున్నాడు. ఇంత మంది చదువుకున్నవాళ్లు, ఒక్కరూ ఆ ముసలామెతో చివరిదాకా ఉండలేదు. ఫోన్ తీశాడు. గాడిద ఇల్లు చేరినట్టు, ముసలామె దాని మెడ పట్టుకుని ఏడ్చినట్టు రాశాడు. బాగా కుదిరింది. శోభ సంతోషపడుతుంది. అయితే వేలు కదలలేదు. చూడనిది చూశానని చెప్పడం దేవుడి ముందు తప్పు. పైగా తనను నమ్మేది ఆమె ఒక్కతే. రాసిందంతా చెరిపేశాడు. చెరిపాక చెప్పడానికి ఏమీ మిగలలేదు. తెలియదని రాస్తే ఆమె ఇక రాదు. ఎందుకు వస్తుంది? చివర చెప్పని వాళ్లు ఐదారుగురు ఉండనే ఉన్నారు.

"నిన్న నడుమలనే లేసిపోతివి గదన్నా! పానం బాగలేదా?"

తలెత్తి చూశాడు. సక్కుబాయి. జల్‌పల్లి నుంచి వచ్చి హాళ్లు ఊడ్చే మనిషి. ప్రతి ఆటకూ చీపురు పట్టుకుని వెనక తలుపు దగ్గర నిలబడుతుంది. అందరూ వెళ్లిపోయినా పేర్లు అయ్యేదాకా కూర్చునే మొగులయ్యను ఏటా ఆమే లేపేది.

"డ్యూటీ పడ్డదక్కా. నువ్వు... నువ్వు చూసినవా ఆఖరు?"

"చూడక? ఆట అయినంక ఊడ్సేదుంటది, అందాక గా సిన్మాలే చూసుకుంట నిలబడ్త. చదువు రాదు గని కండ్లున్నయి గద."

"జర చెప్పు అక్కా."

ఆమె చీపురు పక్కన పెట్టి మెట్టు మీద కూర్చుంది. "ఇంక పొద్దు పొడవలే. ముసలామె పొయ్యి కాడ కూసున్నది. తలుపు చప్పుడైంది. మనిషి కొట్టినట్టు కాదన్నా, నెత్తితోని మెల్లగ నూకినట్టు."

"వచ్చిందా!"

"రాకేంజేస్తది? దానికెరుకున్న తొవ్వ అదొక్కటే. గని ఆమె లేవలే. తలుపుకు ఈపు ఆనిచ్చి కూసున్నది. అటు అది, ఇటు ఈమె. శానసేపు."

"తీసిందా మరి?"

"తీసింది. నీళ్లు తాపింది. ఒళ్లు తుడిసింది. తుడిసి, కొత్త పలుపు మెడల ఏసి, మల్ల గదే తొవ్వ పట్టింది."

"ఏ తొవ్వ?"

"కొనుక్కున్నోని తొవ్వ. అమ్మింది గద అన్నా, ఇగ అది ఆమెది కాదు. ఇద్దరు మంచుల నడుసుకుంట పోయిన్రు. లైట్లేసిన్రు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "వచ్చేటప్పుడు ఒక్కతే వస్తది గదా. అది సూపియ్యలే."

మొగులయ్య ఆ మాటలు అక్కడే ఫోన్‌లో రాశాడు. రాసింది ఆమెకు చదివి వినిపించాడు. కొత్త పలుపు అన్నది మర్చిపోతే ఆమే గుర్తుచేసింది. ఇది తాను చూడలేదని, సక్కుబాయి అనే ఆమె చూసి చెప్పిందని పైన ఒక వాక్యం పెట్టాడు. ఒక మనిషి ఎదుట కూర్చుని కథ చెప్పి నాలుగేళ్లయింది. సక్కుబాయి తన నీళ్ల సీసా ఇచ్చి పనిలోకి పోయింది.

ఆ రోజు శోభ నుంచి ఏమీ రాలేదు. ఆ మర్నాడూ లేదు. ఉత్సవం ముగిసింది. ట్యాగులు తీసి జేబుల్లో పెట్టుకుని ఎవరి దారిన వారు పోయారు. మూడో రోజు మధ్యాహ్నం, పార్కింగ్‌లో ట్రాలీలు ఏరుతుంటే ఫోన్ వణికింది.

"చదివిన అన్నా. మూడు సార్లు చదివిన. మీరు చూడలేదని చెప్పిన్రు, అందుకే నమ్మిన. సక్కుబాయక్కకు దండం చెప్పున్రి."

ఆయన ట్రాలీల మీది చేయి తీశాడు. ఇన్నేళ్లలో మొదటిసారి జవాబు రాశాడు. "మీది ఏ ఊరు చెల్లె?"

వెంటనే వచ్చింది. "తుక్కుగూడ."

వరుస అక్కడే వదిలేసి సత్తయ్య దగ్గరికి నడిచాడు. "నా కథలు చదివేటామెది తుక్కుగూడనట."

"తుక్కుగూడనా? ఏందో విదేశమంటివి! ఆటోల పోతే అరగంట పట్టదు. ఒకపారి పోయి మాట్లాడి రారాదు?"

మొగులయ్య ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "పోయి ఏం చెప్తనే? నాకు చెప్పొచ్చేదంత రాస్తనే ఉన్న."

సత్తయ్య నవ్వబోయి ఆగాడు. లేచి వచ్చి, తన డ్యూటీ అయిపోయినా ఆ పొడవాటి వరుసకు ఒక పక్క చేయి వేశాడు. ఇద్దరూ దాన్ని తలుపుల దాకా నెట్టుకుంటూ పోయారు.