డప్పు ఆగిన చోట

ధనరాజు బయటి చప్పుడు లోపలికి రాకుండా పాత గొంగళ్లను కిటికీకి అడ్డంగా మేకులతో బిగిస్తున్నాడు. అరకు సంత వెనక ఆ రేకుల గదే అతని స్టూడియో. పెళ్లిళ్లకు మైకులు కడుతూ, చెడిపోయినవాటిని విప్పి చూసుకుంటూ నేర్చుకున్న పని అది.

ఆ రోజు సోని పాట రికార్డింగు. క్రిస్మస్‌కని ఆ పిల్ల సొంతంగా కట్టుకున్న పాట, కొండ ఊళ్లలో వరసకట్టి ఆడే ధింసా ఆటకు తగ్గట్టు. డప్పుకు గాసి వచ్చాడు. పాట నచ్చితే తన యూట్యూబ్ చానెల్లో పెడతానని విశాఖ నుంచి అనిల్ కూడా వచ్చాడు.

ధనరాజు అలవాటు కొద్దీ డప్పు పక్కనే మైకు పెట్టాడు. ధింసాలో అడుగు తప్పకూడదంటే డప్పే పైన ఉండాలి. పెళ్లిళ్లలో పాట ఎలాగూ అందరికీ తెలిసిందే.

పాట అయ్యాక తలుపు తీసి స్పీకరులో వేశాడు. కాఫీ పళ్లు కోసి వస్తున్న ఆడవాళ్లు ఆగి, ఒకరి నడుం ఒకరు పట్టుకుని అడుగు కలిపారు.

"బాగుందిరా ధనరాజూ! ఎవలి పెళ్లికి?" అంది వాళ్లలో ముందున్న యర్రమ్మ.

సోని ముఖం చిన్నబోయింది. "పెళ్లికి కాదు పిన్నీ, యేసయ్య పాట."

"ఓలమ్మా! ఆయనెక్కడున్నాడే ఇందులో?"

అనిల్ చప్పట్లు కొట్టాడు. "అదే మనకి కావలసింది! పేరు తీసేసి 'నువ్వే' అని పాడమ్మా. పెళ్లిలోనూ ఆడతారు, చర్చిలోనూ పాడతారు."

"మీరు పెట్టకపోతే ఈ పాట మా కొండ దాటదు," అంది సోని నేల చూస్తూ. "పేరు తీసేస్తే, దాటేది నా పాట కాదు."

"ఉన్న పేరే వినబళ్లేదు. తప్పు నాది," అన్నాడు ధనరాజు. "గాసి మావా, పేరొచ్చిన చోట డప్పు ఆపు."

"ఏటి, ఆపీడమా? వరస తెగిపోద్ది! మా తాత కూడా ఆపలేదు."

"ఆడేవాళ్ల వరసనే లోపలికి పిలుద్దాం. నువ్వాపినా వాళ్ల కాళ్లు ఆగవు కదా."

నేల మీద చెక్కపలకలు పరిచాడు. రెండో మైకు పలకల దగ్గర, మూడోది సోని నోటి దగ్గర.

"బేగి కానీరా, పొయ్యి ముట్టించాల," అంటూనే యర్రమ్మ వరసను నడిపించుకొచ్చింది.

డప్పు ఆగింది. పలకల మీద అడుగులు ఆగలేదు. ఆ అడుగుల మీద సోని గొంతు ఒక్కటే లేచింది: "యేసయ్యా..." ఎవరూ చెప్పకుండానే వరసంతా అదే మాట తిరిగి అందుకుంది.

గాసి యర్రమ్మను చూసి నవ్వాడు. "కొండదేవత జాకరమ్మకి కోడిని మొక్కేదానివి, నువ్వూ అన్నావేటి?"

"వరసలో నిలబడ్డాక అందుకోకపోతే ఎలాగ? పాట పాడిన గుంటకి మర్యాద ఉండదా?" అంది యర్రమ్మ.

అనిల్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ విన్నాడు. "డప్పు ఆగిన చోట జనం వేరే వీడియోకి వెళ్లిపోతారనుకున్నాను. నేనే వెళ్లలేకపోయాను. ఎంతమంది చూస్తారో చెప్పలేను గానీ, పేరుతోనే పెడతాను."

ధనరాజు డప్పు ఇంకాస్త తగ్గించి, సోని మాట తేటపడేదాకా సరిచేశాడు. కళ్లు మూసుకుని మొదటినుంచీ చివరిదాకా విన్నాడు. తర్వాత పాటను మెమొరీ కార్డులోకి ఎక్కించి సోని చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని అనిల్‌కి అందించింది.