మూడో కౌంటరు పెన్ను

మూడో కౌంటరు గుమాస్తాగారి పెన్ను అవసరానికి రాసిన పాపాన పోలేదు. ఉద్యోగం పోయినవాళ్ళ ఆరోగ్య బీమా ప్రీమియంలో ముప్పాతిక వంతు ప్రభుత్వమే కట్టే పథకానికి అర్జీలు రాసుకునేది ఆ తలపండిన మనిషే. అవతలివాళ్ళు సగం చెప్పేసరికి పెన్ను మొరాయించేది. దాన్ని విదిలించి, నోటితో ఊది, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. "రాయడం లేదండీ. కాసిని మంచినీళ్ళు తాగి రండి, మళ్ళీ మొదట్నుంచి చెబుదురుగాని" అనేవాడు. జనం జాలిపడి ఇచ్చిన పెన్నులతో సొరుగు మూతపడడం మానేసింది. అవీ ఆయన చేతిలో అంతే.

ఆ రోజు క్యూలో ఒక ఫిట్టరు, ఆయన భార్య నిలబడ్డారు. ఇరవై రెండేళ్ళు పనిచేసిన ఫ్యాక్టరీ తనను తీసేసిందన్న మాట ఆయన ఆమెకు చెప్పలేదు. విసుగొచ్చి మానేశానన్నాడు. ఆమెకు వారానికి మూడుసార్లు డయాలసిస్. నెలాఖరుకు బీమా ఆగుతుంది, దాంతో పాటే అదీ ఆగుతుంది. ఆ దిగులు ఆయన్ని లోపల్లోపల తినేస్తోంది. పైకి మాత్రం మీసం దువ్వుకుంటున్నాడు.

"ఉద్యోగం ఎలా పోయింది?" గుమాస్తా అడిగాడు.

"పోవడమేమిటండీ, నేనే మానేశాను."

పెన్ను ఆగింది. విదిలించాడు, ఊదాడు, విన్నాడు.

ఫిట్టరు రెండుసార్లు మంచినీళ్ళు తాగొచ్చాడు. రెండుసార్లూ అదే మాట, అదే తంతు. వెనక క్యూ సణుగుతోంది. మూడోసారి ఆయనకు ఒళ్ళు మండింది. "ఇటివ్వండి, ఇలాంటివి ఎన్ని బాగుచేయలేదు" అంటూ పెన్ను లాక్కుని విప్పాడు. రీఫిల్ నిండుగా ఉంది. అరచేతి మీద గీస్తే గీత పడింది.

"దీనికేం రోగం లేదండీ" అన్నాడు తెల్లబోయి.

గుమాస్తా గొంతు తగ్గించాడు. "లేదు. ఏం చెప్పాలో మీకు నేను చెప్పకూడదు. చెబితే రేపు నేనూ ఆ క్యూలోనే. తమంతట తాము మానేసినవాళ్ళకి దమ్మిడీ రాదని గోడ మీద రాసే ఉంది. పరువు అడ్డమొచ్చి ఎవరూ చదవరు. నేనొకసారి రాశానంటే మళ్ళీ కొట్టేయడానికి లేదు బాబూ."

ఫిట్టరు గోడ మీది కాగితం చదివాడు. భార్య వైపు చూడలేకపోయాడు. గేటు దగ్గర గుర్తింపు కార్డు తీసేసుకున్నప్పుడు కూడా ఆయనకింత సిగ్గనిపించలేదు.

"తీసేశారండీ. నాతో పాటు నలభై మందిని. కొత్త మిషన్లొచ్చాయి, మీరక్కర్లేదన్నారు."

గుమాస్తా పెన్ను తీసుకుని బిగించి, తల వంచుకుని ఎక్కడా ఆగకుండా రాసుకుపోయాడు.

మెట్లు దిగుతూ ఫిట్టరు భార్యతో, "నీకు అబద్ధం చెప్పాను" అన్నాడు.

"తెలుసు లెండి. తనంతట తాను పని మానే మనిషే అయితే, మన పెళ్ళిరోజుకి ఒక్కసారైనా సెలవు పెట్టేవారు." నాలుగు మెట్లు దిగాక ఆమె మళ్ళీ అంది. "రేపు ఆస్పత్రికి నాతో రండి. మూడేళ్ళుగా ఒక్కదాన్నే వెళ్తున్నాను."

"వచ్చి నేనేం చేయను?"

"ఏం చేయక్కర్లేదు. నాలుగు గంటలు కూర్చుని నా మాటలు వినండి. షిఫ్టుకి టైమైందని లేచిపోవడానికి ఇప్పుడు కుదరదుగా."