రేడియేటర్‌కి బెల్లం వైద్యం

ఇప్పటి పిల్లలకి కారంటే తాళం తిప్పగానే కదిలే వస్తువు. మా ఇంట్లో ఆ రోజులు వేరు. కారెక్కడానికి ముందు దాని ఒంట్లో ఎలా ఉందో కనుక్కోవాలి. మా నాన్న అనకాపల్లిలో బెల్లం వ్యాపారి. ఆయన మోజుపడి కొన్న డీజిల్ కారు మా గుమ్మం తొక్కేసరికే టాక్సీగా ఒక జీవితం, ఎవరో కాంట్రాక్టరు దగ్గర మరో జీవితం ముగించుకుంది. కిలోమీటర్ల మీటరు ఎప్పుడో లెక్కపెట్టడం మానేసింది (అది ఆగిన అంకె చూస్తేనే మాకు కళ్లు తిరిగేవి, ఆ తర్వాత తిరిగిందెంతో దేవుడికే తెలియాలి). నాన్నకి చూపు మందగించింది, అమ్మ స్టీరింగ్ ముట్టనని ఒట్టు పెట్టుకుంది. కాబట్టి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చున్న నేనే ఆ బండికి డ్రైవర్నీ, నర్సునీ అయ్యాను.

పొద్దున్నే తాళం సగం తిప్పి, హీటర్ ప్లగ్గులు వేడెక్కేదాకా ఆగి, మనసులో దండం పెట్టుకుని మిగతా సగం తిప్పాలి. మూలిగి ఊరుకుంటే బ్యాటరీ జబ్బు. గిరగిరా తిరుగుతూ అందుకోకపోతే డీజిల్ పైపులో గాలి చేరినట్టు. అప్పుడు బానెట్ ఎత్తి ఫిల్టరు మీదున్న చేతిపంపుని బొటనవేలు వాచేదాకా నొక్కాలి. అందుకున్నాక పొగ రంగు చూడాలి. నల్లదైతే ఇంజనుకి ఊపిరాడటం లేదు, నీలిదైతే ఆయిల్ తాగేస్తోంది, తెల్లదైతే ఇంకా చలికాచుకుంటోంది. మాది ఒక్కోరోజు మూడూ వదిలేది. నాన్న మాత్రం పొగని నమ్మేవాడు కాదు. ఆయిల్ పుల్ల బయటికి లాగి, రెండు వేళ్ల మధ్య రాసి, వాసన చూసి, మార్కెట్లో బెల్లం దిమ్మ చూసినట్టే తీర్పు చెప్పేవాడు. "జిగురింకా ఉన్నాదే అమ్మడూ. మరో నెల లాగేత్తాది" అనేవాడు. బండికి రోగమొచ్చినప్పుడల్లా పిలిచే మా వీధి మెకానిక్ మామ నా వైపు జాలిగా చూసి, "ఇది ఆయిల్ కాదు బాబూ, తారు" అనేవాడు. నాన్న వినిపించుకోకుండా వేళ్లు నా దుపట్టాకి తుడుచుకునేవాడు.

అసలు పీకలమీదికి తెచ్చింది డీజిల్ ట్యాంకు. ఒకసారి చీడికాడ దారిలో రాయి తగిలి ట్యాంకు అడుగున బొట్లు బొట్లుగా కారడం మొదలైంది. నాన్న కిళ్లీకొట్టుకి వెళ్లి తడిసున్నం తెచ్చి, కొనేవాళ్లకి చూపించడానికి డిక్కీలో ఎప్పుడూ ఉండే మచ్చు బెల్లంతో కలిపి, నల్లటి ముద్ద అయ్యేదాకా పిసికి, బండి కిందికి దూరి ఆ చిల్లుకి అద్దాడు. పూర్వం గోడలకీ గాబులకీ బెల్లం సున్నం వాడేవారట. ఎండిపోయి రాయిలా బిగుసుకుంది, ఒక్క చుక్క కారలేదు. మెకానిక్ మామ కూడా తట్టి చూసి, "పరవాలేదే" అన్నాడు. ఆ ఒక్క మాటతో మా నాన్నకి ఇంజనీరింగ్ డిగ్రీ చేతికొచ్చినట్టయింది. మార్కెట్లో కనబడ్డ ప్రతివాడినీ చెయ్యి పట్టుకు లాక్కొచ్చి, బండి కిందికి వంగమనేవాడు. నడుం నొప్పులున్నవాళ్లు మా వీధి రావడం మానేశారు.

అలాంటి రోజుల్లో పాయకరావుపేట దగ్గర ఒక జూనియర్ కాలేజీ నుంచి నాకు కబురొచ్చింది. కెమిస్ట్రీ లెక్చరర్ పోస్టు ఒకటే ఉంది, సెలవుల్లో స్పెషల్ క్లాసులకి వచ్చే పిల్లల ముందు డెమో క్లాసు చెప్పమన్నారు. అప్పటికే రెండుచోట్ల "తర్వాత చెప్తాం" అనిపించుకుని ఉన్నాను. ఇదీ పోతే ఆ విద్యాసంవత్సరం పోయినట్టే. మళ్లీ ఏడాదంతా చేతిపంపు నొక్కుకుంటూ, ఏం చేస్తున్నావమ్మా అని అడిగినవాళ్లకి నవ్వు మొహం చూపించుకుంటూ బతకాలి. నాకా ఓపిక అయిపోయింది. బస్సులో పోతానన్నాను. "మన బండుండగా బస్సేటే, మనకేటి ఖర్మ" అన్నాడు నాన్న. అదే ఖర్మ అని నేననలేదు.

ముందురోజు సాయంత్రం చూస్తే రేడియేటర్ కింద తడి. విప్పి అతుకు వేయించాలి, టైము పడుతుంది అన్నాడు మెకానిక్ మామ. నాన్న నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు. తెల్లవారి లేచి చూస్తే బెల్లం సున్నం ముద్ద రేడియేటర్ అతుకుల వెంట చక్కగా మెత్తి ఉంది. అక్కడితో ఆగినా బాగుండేది. లోపలి నుంచి కూడా పట్టుండాలని, మిగిలిన ముద్దనీ, దానికి తోడు మరో బెల్లం గడ్డనీ మూత తీసి లోపలికి వేస్తున్నాడు. నేను పక్కనే నిలబడి డెమో క్లాసు నోట్సు వల్లె వేసుకుంటున్నాను. నేను ఎంచుకున్న పాఠం ద్రావణాలు (ఏది దేనిలో కరుగుతుంది, ఎందుకు కరుగుతుంది అన్నదే ఆ పాఠం మొత్తం).

"నాన్నా, నీళ్లలో బెల్లం కరిగిపోదూ?"

"సున్నం కలిపేం కదే. డీజిల్ ట్యాంకు సూసేవు కదా, ఏటైనా అయ్యిందా?"

గట్టిగా చెప్పాల్సింది. కానీ వాదన మొదలుపెడితే ఆయన తాతల కాలం నుంచి బెల్లం చరిత్ర ఎత్తుకుంటాడు, అది పాయకరావుపేట దాకా సాగుతుంది. ఆ బండితో వేగి వేగి నాకు అప్పటికి నిజం చెప్పే శక్తి కూడా పోయింది. నోట్సు మూసి స్టీరింగ్ ముందు కూర్చున్నాను.

యలమంచిలి దాటేదాకా బండి బుద్ధిగా నడిచింది. ఆ తర్వాత ఎక్కడి నుంచో కమ్మటి వాసన. నాన్న ముక్కు ఎగబీల్చి, కిటికీలోంచి అటూ ఇటూ చూశాడు. "ఈ ఎండల్లో సెరుకెక్కడిదే? ఈ నెల్లో ఎవుడు వండుతన్నాడు బెల్లం?" అన్నాడు. కాసేపటికి మళ్లీ పీల్చి, మొహం చిట్లించాడు. "ఎవుడో గానీ పాకం మాడిసేత్తన్నాడు. మంట తగ్గించాలని తెలీదేటి?" అన్నాడు. నేను వేడి మీటరు చూశాను. ముల్లు ఎర్రగీత దాటి, ఇంక పోవడానికి చోటులేక అక్కడే వణుకుతోంది. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది.

నక్కపల్లి ఇవతల ఒక బడ్డీకొట్టు పక్కన ఆపాను. చల్లారేదాకా ఆగే ఓపిక లేక నాన్న తువ్వాలు చుట్టి మూత కొంచెం వదులు చేశాడో లేదో, గోధుమరంగు నురగ బుసబుసా పొంగి, ఇంజను మీద పడి, చుర్రుమంటూ పాకమైపోయింది. తుడవబోయి నా రెండు చేతులకీ అంటించుకున్నాను. బడ్డీకొట్టు ఆవిడ వచ్చి, తొంగిచూసి, నెమ్మదిగా అడిగింది. "ఏటి బాబూ, కారులో బెల్లం వండుతన్నారా?"

మామూలుగా అయితే నాన్న ఆవిడకి సమాధానం చెప్పి, పైగా నాలుగు విషయాలు నేర్పి పంపేవాడు. ఆ రోజు మాత్రం కారిపోతున్న ఆ నురగవైపు చూస్తూ నిలబడ్డాడు. చెవుల దాకా చెమట. "నువ్వు బస్సెక్కి బేగెల్లమ్మా. ఇది నేను సూసుకుంటాను" అన్నాడు. నా కళ్లలోకి చూడలేదు. కోపంతో పోట్లాడదామని నోరు తెరిచినదాన్ని, అలాగే మూసుకుని, చేతులు కడుక్కునే టైము కూడా లేక వచ్చిన బస్సెక్కాను.

నేను చేరేసరికి మిగతా వాళ్ల డెమోలు అయిపోయాయి. ప్రిన్సిపాల్ మేడమ్ భోజనానికి లేస్తున్నారు. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఏమనుకున్నారో, క్లాసులోకి పంపి వెనక బెంచీలో కూర్చున్నారు. బోర్డు మీద ద్రావణాలు అని రాసి, సుద్దముక్క కింద పెట్టబోతే చేతిని వదల్లేదు. విదిలించాను. అయినా వదల్లేదు. క్లాసంతా నవ్వింది. వల్లె వేసిన నోట్సు ఒక్క ముక్క గుర్తురాలేదు. ఏడుపొచ్చేలా ఉంది, ఏడవడానికి కూడా అలసటగా ఉంది. ఇంక పోయేదేముందిలే అని, పొద్దున్న జరిగిందంతా జరిగినట్టే చెప్పేశాను. డీజిల్‌లో రాయిలా నిలిచిన బెల్లం వేడినీళ్లలో ఎందుకు పాకమైపోయిందో, నీళ్ల అణువులు దాన్ని ఎలా లాక్కుంటాయో, డీజిల్ ఎందుకు లాక్కోలేదో బొమ్మలు గీసి చూపించాను. పాకం మాడుతోందని మా నాన్న ఎవరినో తిట్టిన ముక్క దగ్గర మేడమ్ కూడా నవ్వు ఆపుకోలేక కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు.

బెల్ కొట్టాక ఆవిడ ఒకటే ప్రశ్న అడిగారు. "మీ నాన్నగారు ఇప్పుడెక్కడున్నారమ్మా?" రోడ్డు మీదే ఉన్నారని చెప్పాను. "ముందు వెళ్లి ఆయన్ని చూసుకోండి. కాలేజీ తెరిచిన రోజు నుంచి వచ్చెయ్యండి" అన్నారు.

తిరుగు బస్సు దిగేసరికి ఎండ వాలింది. నాన్న చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. బడ్డీకొట్టు ఆవిడ ఇంటి బోరు నుంచి బిందెలు మోసి మోసి, రేడియేటర్ కడిగి కడిగి, బండి పక్కన ఎర్రమట్టిలో కూలబడి ఉన్నాడు. తిన్నట్టు లేడు. నా మొహం చూసి, "పోనాదా?" అన్నాడు.

"వచ్చింది నాన్నా."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత లేచి, నా వైపు చూడకుండా అన్నాడు. "ఈ బండి అమ్మేద్దామే. నా పిచ్చితో నీ నోటికాడి కూడు తీసేసేను అనుకున్నాను."

అమ్మా నేనూ ఏళ్ల తరబడి ఆయన చేత అనిపించాలని చూసిన మాట అది. అప్పుడు సరే నాన్నా అంటే సరిపోయేది. కానీ అంత బరువైన మనిషి అంత చిన్నగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నాకు ప్రాణం ఉసూరుమంది. "వద్దులే నాన్నా, ఇంకా జిగురుంది" అన్నాను. ఆయన మొహం ఎంత వెలిగిందంటే, వెంటనే బానెట్ మూసి, నా నోటిమాట ఎక్కడ మారిపోతుందోనని తాళం చేతిలో పెట్టేశాడు.

దాని ఫలితం, ఆ తర్వాత ఏళ్లకేళ్లు పాయకరావుపేటకి పోనూ రానూ ఆ బండిలోనే నా ఉద్యోగం. నేను దాన్ని తొయ్యని ఊరు ఆ హైవే మీద లేదు. కళాసీలతో, పాలవాళ్లతో, ఒకసారి పెళ్లివారి బ్యాండు మేళంతో తోయించాను. ఇంకా జిగురుందని ఆ ఒక్క మాట అన్న ఆనాటి పిల్ల ఇప్పుడు నాకు ఎదురుపడితే, నీకేమైనా బుద్ధుందా అని ముందు చెడామడా తిడతాను. తిట్టి, ఎక్కమ్మా, నువ్వూ అలిసిపోయావు, ఇంటిదగ్గర దింపుతాను అంటాను.